తాత తీర్పు, చిన్నాయన గిటారు

మా ఇంట్లో అబ్బా పాటల మీద మొట్టమొదటి విమర్శ మా తాతది. "అబ్బా అని పేరేందిరా, నడుము పట్టుకున్నోడు మూలిగినట్ల!" అన్నాడంట. 1977లో, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, మా పాత ఇంటి వరండాలో. ఈ మాట మేము పెళ్ళిళ్ళల్లో, పండగలల్లో కలిసినప్పుడల్లా చెప్పుకోని నవ్వుతాము. చిన్నాయన కూడా నవ్వుతాడు. ఆయన అందరికంటే ముందే నవ్వు ఆపేస్తాడని మాకు చానా ఏండ్ల తర్వాతగానీ తెలీలేదు.

మేము మూడు తరాల ముందు చిత్తూరు పక్కనుంచి బంగారు గనుల పనికి వచ్చినవాళ్ళం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంగ్లీషు. దొరల కాలంలో ఈ ఊరిని లిటిల్ ఇంగ్లండ్ అనేవాళ్ళు. తాత గని ఆఫీసులో గుమాస్తా. సాయంకాలం స్నానం చేసి కూర్చుంటే త్యాగరాజ కీర్తనలే. శ్రీరామనవమికి తమిళ మిత్రులొచ్చి పాడితే పక్కన కూర్చోని వాళ్ళ తెలుగు మాటలు ఓపిగ్గా సరిచేసేవాడు. చిత్తూరు బంధువులొచ్చి మన తెలుగు సరిచేస్తే మాత్రం రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

రెండిళ్ళ అవతల ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. వాళ్ళింట్లో రికార్డ్ ప్లేయర్. వైపుకొక పాట ఉండే చిన్న రికార్డులు, సింగిల్స్ అనేవాళ్ళు, వాళ్ళ బంధువులు బయట దేశాలనుంచి పంపేవాళ్ళు. చిన్నాయనకు అప్పుడు ఇరవై ఏండ్లు. అక్కడే గిటారు నేర్చుకున్నాడు, అక్కడే అబ్బా పాటలు విన్నాడు. క్రిస్మస్ డాన్సులకు వాళ్ళ బ్యాండులో వాయించేటంత దూరం పోయినాడు. తాతకు అదే నచ్చలేదు.

తాత ఒక్కడే కాదులెండి. అబ్బా సొంత దేశం స్వీడన్‌లోనే ఆ పాటలను తీసిపారేసినోళ్ళు చానామంది. 1973లో "రింగ్ రింగ్" పాటను యూరోవిజన్ పోటీకి పంపుదామని చూస్తే, అక్కడి నిపుణుల జ్యూరీ మూడో స్థానంలో పెట్టింది. రికార్డు మాత్రం స్వీడన్‌లో బాగా అమ్ముడైంది. మరుసటి ఏడు, 1974 ఏప్రిల్ 6న, ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో "వాటర్లూ" పాడి గెలిచినారు. గెలిచినాకన్నా మర్యాద దక్కిందా అంటే, లేదు. పోటీ పాట కదా, ఒక్క పాటతో అయిపోతారనుకున్నారు. దానికి తగ్గట్టే "సో లాంగ్" సింగిల్ బ్రిటన్ జాబితాకు ఎక్కనేలేదు.

స్వీడన్‌లో అప్పుడు ప్రొగ్ అని ఒక సంగీత ఉద్యమం నడుస్తా ఉండె. పాట అంటే జనం కష్టం చెప్పాల, వ్యాపారం కాకూడదు అనేది వాళ్ళ వాదం. 1975లో యూరోవిజన్ స్టాక్‌హోమ్‌లో జరిగితే, దానికి ఎదురుగా అదే ఊళ్ళో ఇంకో సంగీత ఉత్సవం పెట్టినారు. మెరుపుల బట్టలేసుకోని ప్రేమ పాటలు పాడే అబ్బా వాళ్ళ కంటికి సరుకు అమ్ముకునే అంగడి. బ్రిటన్, అమెరికా రాక్ పత్రికల్లోనూ అదే చులకన: కొలతలేసి కుట్టిన పాటలు, తీపి ఎక్కువ, లోపల ఏమీ లేదు అని. పైగా ఇంగ్లీషు వాళ్ళ పుట్టుభాష కాదు, ఆ పలుకుబడి కూడా ఎగతాళికి పనికొచ్చింది. అమెరికాలో పేరున్న విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గా వాళ్ళను ఏకంగా శత్రువుల లెక్కలో వేసినాడు.

ఈ రాతలన్నీ ఇప్పుడు చదువుతుంటే మాకు ఒకటి అనిపిస్తుంది. వాళ్ళు బట్టలు చూసినారు, అమ్మకాలు చూసినారు, పాట ఎట్లుండాలనే తమ లెక్క చూసుకున్నారు. చెవి పెట్టి విన్నది తక్కువ. విన్నవాళ్ళు లేకపోలేదు. 1975లో "ఎస్.ఓ.ఎస్." సింగిల్ వచ్చినప్పటినుంచి కొందరి మాట మారింది. ఆ పాట చరణం మైనర్‌లో, దిగులుగా, పియానో మీద నడుస్తుంది. పల్లవి దగ్గరికొచ్చేసరికి మేజర్‌లోకి తెరుచుకుంటుంది, కిటికీ తీసినట్టు. ద హూ బ్యాండు పీట్ టౌన్‌షెండ్ లాంటి రాక్ పెద్దమనిషే ఆ పాటను మెచ్చుకున్నాడు. ఇంజనీరు మైకేల్ ట్రెటో ఒకే వాయిద్యాన్ని రెండుసార్లు రికార్డు చేసి, రెండోసారి టేపు వేగం రవ్వంత మార్చేవాడు. అందుకే ఆ శబ్దం అంత నిండుగా ఉంటుంది. ఇదంతా తేలిక పని కాదు, కానీ తేలిగ్గా వినిపిస్తుంది. అదే వాళ్ళ తప్పైపోయింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 1979లో ఒకరోజు తాత చిన్నాయనను పిలిచి, "రేయ్, గమకం లేదు, భావం లేదు. పరాయి భాషలో పరాయి పాట. దీనికి నా ఇంట్లో చోటు లేదు" అన్నాడు. చిన్నాయన ఎదురు చెప్పలేదు. వారంలో గిటారు అమ్మేసినాడు. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, పోయినాడు. మళ్ళీ వాయిద్యం ముట్టలేదు. మా నాయిన "ఇంకొకటి కొనుక్కోరా" అని ఎన్నిసార్లు చెప్పినా "ఇప్పుడెందుకన్నా" అనేవాడు.

తాత పోయినాక, కర్మకాండలు ముగిసిన రాత్రి, జేజి ఆ మాట చెప్పింది. పక్కింట్లో "డాన్సింగ్ క్వీన్" మోగినప్పుడల్లా తాత చదివే పేపరు దించి వినేవాడంట. ఒకరోజు జేజితో, "చూడే, పియానో మీద జారుకుంటా వచ్చి పల్లవిని సగంలో ఎత్తుకుంటారు. తెలిసి చేసిందే అది. మొదటినుంచి ఎత్తుకునింటే ఈ ఊపు రాదు" అన్నాడంట. నిజమే, 1976లో వచ్చిన ఆ సింగిల్ పల్లవి సగంలోంచే మొదలవుతుంది. అంత సూక్ష్మం తాత చెవి ఒకే పాటలో పట్టుకుంది. చిన్నాయనకు మాత్రం చెప్పలేదు. "వానికి చెప్తే చదువు, ఉద్యోగం వదిలేస్తాడని భయం" అంది జేజి. చిన్నాయన లేచి వరండాలోకి పోయినాడు. మేమెవ్వరం వెంట పోలేదు.

అబ్బాకు విమర్శకులు ఎంత చేసినా ఏం పోయింది? బ్రిటన్‌లో తొమ్మిది సింగిల్స్ మొదటి స్థానానికి పోయినాయి. 1982లో "ది డే బిఫోర్ యూ కేమ్" అక్కడ 32వ స్థానం దాటలేదు, పని అయిపోయిందన్నారు. రైలు, ఆఫీసు, భోజనం, టీవీ అని ఒక మామూలు దినాన్ని లెక్కబెట్టే ఆ పాటనే ఇప్పుడు వాళ్ళ గొప్ప పాటల్లో చేర్చి రాస్తున్నారు. 1992లో "అబ్బా గోల్డ్" వచ్చినాక గాలి తిరిగింది. 2010లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 2021 సెప్టెంబరు 2న, దగ్గర దగ్గర నలభై ఏండ్ల తర్వాత, రెండు కొత్త సింగిల్స్ ఒకేసారి వదిలినారు. అందులో "ఐ స్టిల్ హావ్ ఫెయిత్ ఇన్ యూ"కు గ్రామీ నామినేషన్, అది వాళ్ళకు మొట్టమొదటిది. వాళ్ళ చుట్టూ కోట్లమంది వినేవాళ్ళు ఉండిరి, అందుకని తీర్పు మారేదాకా ఆగగలిగినారు. చిన్నాయనకు ఉన్నది ఒక్క విమర్శకుడు. ఆయన తీర్పు మార్చుకున్నాడు గానీ, ఆ కబురు రావాల్సిన చోటికి రాలేదు.

ఆ కొత్త పాటలు వచ్చిన వారం చిన్నాయన ఫోనులో విన్నాడు. ఎట్లుంది చిన్నాయనా అంటే, "గొంతులు కిందికి దిగినాయి. నావీ దిగినాయి కదా" అన్నాడు. అంతే.

పోయిన సంక్రాంతికి అందరం బెంగళూరులో కలిసినాము. చిన్నాయన మనవరాలు, పన్నెండేండ్ల పిల్ల, కొరియా పిల్లకాయల బ్యాండు పాట ఒకటి పెట్టి తనూ పాడింది. ఒక్క మాట అర్థం కాదు. దబదబమని మోత. చిన్నాయన మొహం అచ్చం తాత మొహం మాదిరి అయిపోయింది. "ఇదేం..." అని నోరు తెరిచినాడు. మేమంతా ఆయన వైపే చూస్తా ఉంటిమి. ఒక క్షణం ఆగి, మాట మింగి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇంకోసారి పెట్టు పాపా. ఈసారి మొదటినుంచి వింటా" అన్నాడు.