యార్నెల్ కొండ దారిలో పంతొమ్మిది మంది

అమెరికాలో ఫీనిక్స్ నుంచి విక్కెన్‌బర్గ్ దాకా ఎడారే. రోడ్డుకు రెండు పక్కలా నిలువెత్తు సగువారో జెముళ్లు. కాంగ్రెస్ అనే చిన్న ఊరు దాటగానే 89వ నంబరు రోడ్డు కొండెక్కుతుంది. జెముళ్లు వెనకబడతాయి, గుండ్రటి గ్రానైట్ బండలు మొదలవుతాయి. వాటి సందుల్లో మనిషిని దూరనివ్వని గట్టి పొదలు. అక్కడివాళ్లు ఆ పొదల అడవిని చాపరాల్ అంటారు. ఆకు చిన్నది, కొమ్మ బిరుసు, ఎండితే పెట్రోలు పోసినంత పని చేస్తుంది.

కారు నడుపుతున్నది మా మేనల్లుడు. చాండ్లర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అందరూ గ్రాండ్ కాన్యన్ చూపించమంటారు, నువ్వేంది మామా, ఎవరూ పోని చోటు అడుగుతావు" అన్నాడు పొద్దున్నే. మాది నల్లమల అంచున ఆత్మకూరు. ఎండాకాలం రాత్రి మిద్దె మీద పడుకుంటే కొండ మీద మంట ఒక ఎర్ర గీతగా పాకుతూ కనిపించేది. దాన్ని ఆర్పడానికి పచ్చికొమ్మలు చేతబట్టుకొని పోయే చెంచు పిల్లలను దగ్గరగా చూసినవాణ్ణి. 2013లో ఇక్కడి యార్నెల్ కొండ మంట వార్త చదివినప్పుడు నా కళ్ల ముందు మెదిలింది వాళ్లే. అప్పటినుంచీ ఈ కొండకు రావాలని ఉంది.

ఆ ఏడాది జూన్ 28 సాయంత్రం ఇక్కడ పిడుగు పడి నిప్పంటుకుంది. నలభై ఏళ్లకు పైగా మంట ఎరగని అడవి, పైగా కరువు. రెండు రోజుల తర్వాత, 30న, ప్రెస్కాట్ నగరం నుంచి వచ్చిన గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్ దళంలో 19 మంది ఒకే చోట కాలిపోయారు. వాళ్లలో 14 మంది మూడు పదులు నిండని వాళ్లు. అమెరికాలో అడవి మంట ఒక్కసారిగా ఇంతమంది అగ్నిమాపక సిబ్బందిని బలి తీసుకోవడం 1933 తర్వాత అదే మొదలు.

హాట్‌షాట్ అంటే గొట్టం పట్టుకొని నీళ్లు కొట్టేవాడు కాదు. ఇరవై మంది దళం, వీపున మూటలు, చేతుల్లో రంపాలు, పులాస్కీలు. పులాస్కీకి ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు పార ఉంటుంది. మంట దారిలో పొదలు నరికి, ఆకూ అలమూ గీకేసి, మట్టి తేలేదాకా ఒక బాట తీస్తారు. కాలడానికి ఏమీ దొరకక నిప్పు అక్కడ ఆగిపోవాలి. నల్లమలలో మన అటవీ శాఖ వాళ్లు ఫైర్ లైన్లు తీయించేదీ ఇందుకే. పని ఒకటే, కష్టం ఒకటే. గంటల తరబడి వంగిన నడుము, పొగ మింగిన గొంతు.

వాళ్ల స్మారకంగా ఈ కొండను 2016లో రాష్ట్ర పార్కుగా తెరిచారు. రోడ్డు పక్కన చిన్న పార్కింగ్, అక్కణ్ణుంచి కాలిబాట. పోయి రావడానికి దాదాపు 11 కిలోమీటర్లు. వేసవిలో ఈ ఎండకు ఎక్కడం ప్రమాదం, అందుకే జనవరిలో పెట్టుకున్నాం. మొదట్లోనే మెట్లు ఊపిరి తీయిస్తాయి. ఆ తర్వాత కొండ నడుమున చుట్టుకుంటూ పోయే దారి. దారి పొడవునా బండలకు బిగించిన పలకలు, కొన్ని వందల అడుగులకొకటి. పలకకొక్క మనిషి. ఒక ఫొటో, నాలుగు మాటలు.

ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గాని, వాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పంతొమ్మిది పేర్లూ ఒకే రాయి మీద చెక్కి ఉంటే, వరసగా చదివి ముందుకు పోయేవాళ్లం. ఇక్కడ అలా కుదరదు. ఒకరి ముఖం చూసి, ఆయాసపడుతూ నడిచి, ఇంకొకరి ముందు నిలబడాలి. ఆ నడకలో మొదటివాడు మనసులోంచి పోడు.

కెవిన్ వోయ్‌జెక్‌కు 21. తండ్రి లాస్ ఏంజెలెస్ కౌంటీలో అగ్నిమాపక అధికారి. గ్రాంట్ మెకీకి 21, రాబర్ట్ కాల్డ్‌వెల్‌కు 23, ఇద్దరూ అన్నదమ్ముల వరస. వేడ్ పార్కర్‌కు 22, అతని తండ్రి కూడా ఇదే వృత్తి. బిల్లీ వార్నెకీ సైన్యంలో చేసి వచ్చినవాడు, 25 ఏళ్లు. ఆండ్రూ ఆష్‌క్రాఫ్ట్‌కు 29, నలుగురు బిడ్డల తండ్రి. ముగ్గురి బిడ్డలు తండ్రి పోయాక పుట్టారు. దళనాయకుడు ఎరిక్ మార్ష్‌కు 43, అందరికంటే పెద్ద. నడిచే కొద్దీ మేనల్లుడి మాటలు తగ్గిపోయాయి. 27 ఏళ్ల ట్రావిస్ టర్బీఫిల్ పలక దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. వాడికీ 27.

సగం దారిలో నీళ్లు తాగడానికి కూర్చున్నప్పుడు వాడికి జూనిపర్ చెట్టు సంగతి చెప్పాను. యార్నెల్ మంటకు ముందు, రెండు వారాల లోపే, ఇదే దళం తమ ఊరి పక్కన గ్రానైట్ మౌంటెన్ దగ్గర డోసీ మంటతో పోరాడింది. అక్కడ వందల ఏళ్ల ఆలిగేటర్ జూనిపర్ ఒకటి ఉంది, ఆ జాతిలో దేశంలోనే అతి పెద్ద వాటిల్లో ఒకటి. దాని చుట్టూ పొదలు నరికి, నేల గీకి, ఆ చెట్టును కాపాడారు. పని అయ్యాక దాని ముందు ఒకరి మీద ఒకరు ఎక్కి పిరమిడ్ కట్టి ఫొటో దిగారు. ఆ ఫొటో నేను చాలాసార్లు చూశాను. మసి పట్టిన ముఖాలు, గెలిచిన ఆటగాళ్ల నవ్వు. చెట్టు ఇప్పటికీ బతికే ఉంది.

పలకలు అయ్యాక దారి కొండ మీది చూపు వేదికకు చేరుతుంది. అక్కడొక గోడ. ఎక్కడెక్కడి అగ్నిమాపక దళాల వాళ్లో వచ్చి తమ బ్యాడ్జీలు, చొక్కాలు, టోపీలు వదిలి వెళ్తుంటారు. కింద గిన్నెలాంటి లోయ. ఆ లోయ అవతల ఒక ఇల్లు, బౌల్డర్ స్ప్రింగ్స్ రాంచ్. చుట్టూ పొదలు లేకుండా శుభ్రంగా ఉంచుకున్న ఆవరణ. మంటొస్తే తలదాచుకోవడానికి మంచి చోటని ఆ రోజు దళానికి ముందే చెప్పారు.

ఆ మధ్యాహ్నం వాళ్లు ఈ కొండ మీద, అప్పటికే కాలిపోయిన నల్లనేల మీద ఉన్నారు. కాలిన చోట మళ్లీ కాలదు కాబట్టి వాళ్లకు ప్రమాదం లేదు. వాతావరణం చూసి హెచ్చరించే కాపలా పని బ్రెండన్ మెక్‌డొనోది. మంట దగ్గర పడేసరికి అతను తన చోటు వదలాల్సి వచ్చింది, ఇంకో దళం వాళ్లు అతన్ని బండిలో ఎక్కించుకు పోయారు. ఇరవైమందిలో మిగిలింది అతనొక్కడే. ఉత్తరాన ఉరుముల మేఘం కూలి, దాని చల్లటి గాలి కిందికి విరుచుకుపడింది. ఊరికి దూరంగా పోతున్న మంట దిశ మార్చి యార్నెల్ ఊరి మీదికి తిరిగింది. దళం నల్లనేల వదిలి రాంచ్ వైపు బయల్దేరింది. ఎందుకన్నది చెప్పడానికి వాళ్లలో ఎవరూ లేరు. అరగంటకు పైగా రేడియోలో వాళ్ల జాడే స్పష్టంగా లేదు. 4 గంటల 40 నిమిషాల ప్రాంతంలో మార్ష్ గొంతు వినిపించింది: దారి మూసుకుపోయింది, పొదలు కాల్చి చోటు చేసుకుంటున్నాం, షెల్టర్లలో దూరుతున్నాం అని. నీళ్లు, మందు పోసే పెద్ద విమానం పైనే తిరుగుతోంది. కింద ఎక్కడున్నారో పొగలో కనబడలేదు. వాళ్ల చేతిలో రెండు నిమిషాల కంటే తక్కువ సమయం ఉంది. షెల్టర్ అంటే మెరిసే రేకు గుడ్డతో చేసిన సంచి, వేడిని వెనక్కి కొడుతుంది, మంట నేరుగా తాకితే ఆగదు.

వేదిక నుంచి కిందికి దిగే దారి వాళ్లు దిగిన దారే. ఇక్కడికి రాకముందు, చదివిన ప్రతిసారీ నాకూ అదే ప్రశ్న: క్షేమంగా ఉన్న చోటు వదిలి ఎందుకు దిగారు? పైన నిలబడి చూస్తే ఆ ఇల్లు పిలిస్తే పలికేంత దగ్గరగా ఉంది. నాలుగు మలుపులు దిగాక కొండ అడ్డం వచ్చి ఉత్తరం వైపు ఏమీ కనబడదు. మంట ఏం చేస్తోందో లోయలోకి దిగినవాడికి తెలియదు. మ్యాపులో చూస్తే ఈ సంగతి అర్థం కాదు. తప్పు అనే మాట దూరం నుంచి అనడం తేలిక, ఆ దిగుడులో నడిచాక నా నోటికి అది రాలేదు.

అడుగున వలలో రాళ్లు నింపిన దిమ్మెలు పంతొమ్మిది, వాటిని కలుపుతూ గొలుసు. లోపల ఎవరు ఎక్కడ పడ్డారో అక్కడ శిలువ. పక్కపక్కనే ఉన్నాయి. ఎవరూ విడిగా పారిపోలేదు. అక్కణ్ణుంచి రాంచ్ దాదాపు 550 మీటర్లు. ఆ ఇల్లు కాలలేదు, అందులోని మనుషులకు, జంతువులకు ఏమీ కాలేదు. నేను గొలుసు పట్టుకొని ఏడ్చాను. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన ఏడుపు కాదు అది.

తర్వాత జరిగినవి వేరే బాధ. మొదటి విచారణ ఎవరి నిర్లక్ష్యమూ లేదంది. ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్ర కార్మిక భద్రతా శాఖ మాత్రం రాష్ట్ర అటవీ విభాగానికి 5,59,000 డాలర్ల జరిమానా వేసింది, సిబ్బంది ప్రాణాల కంటే కాపాడలేని కట్టడాలకు విలువిచ్చారని. చనిపోయిన పంతొమ్మిదిలో ఆరుగురే పర్మనెంటు. మిగతా 13 మంది సీజను ఉద్యోగులు. ఒకే మంటలో, ఒకే నిమిషంలో పోయిన వాళ్ల కుటుంబాలకు ఒకే రకం పెన్షను రాలేదు. కొందరు భార్యలు బిడ్డలను చంకనేసుకొని బోర్డుల ముందు వాదించుకోవలసి వచ్చింది. ఇది చదివినప్పుడు మా వైపు ఫైర్ వాచర్లు గుర్తొచ్చారు. వేసవి నాలుగు నెలలకు తీసుకొని, వాన పడగానే పొమ్మంటారు. అడవి కాలేది ఆ నాలుగు నెలలే, ప్రాణం పోయే పనీ ఆ నాలుగు నెలలే. లెక్కల్లో సీజను అని రాసుకోవచ్చు గాని, పోయే ప్రాణానికి సీజను ఉండదు. ఈ మాట అక్కడా ఇక్కడా గట్టిగా అనాల్సిందే.

పైకి ఎక్కి వేదిక చేరేసరికి అక్కడ పది పన్నెండు మంది కుర్రాళ్లు, ఇద్దరు అమ్మాయిలు, నడివయసు మనిషి ఒకాయన. ఏదో అటవీ దళం వాళ్లు, సీజనుకు ముందు శిక్షణకు వచ్చారు. మేం ఇండియా నుంచి అని తెలిసి పలకరించారు. మీ అడవుల్లో మంటలెలా ఆర్పుతారని ఒకమ్మాయి అడిగితే, పచ్చికొమ్మల సంగతి మేనల్లుడు చెప్పాడు. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ పెద్దాయన లోయ వైపు చూపించి వాళ్లతో అన్నాడు: "ఇప్పుడు టైము నాలుగు. గాలి మారింది, ఊరు అంటుకోబోతోంది. తర్వాత ఏమైందో మీకు తెలియదు. ఎటు పోతారు?"

ఇక్కడే ఉంటామన్నారు సగంమంది. ఒక కుర్రాడు రాంచ్ వైపు వేలు చూపించాడు. ఊళ్లో జనం ఉంటే ఇక్కడ చేతులు కట్టుకొని ఎలా కూర్చుంటామని వాదించాడు. పెద్దాయన అతన్ని కోప్పడలేదు. దిగితే ఏ దారిన దిగుతావు, ఎన్ని నిమిషాలు పడుతుంది, మంట నీకు కనబడకుండా ఎక్కడ పోతుంది, కాపలా ఎవరిని పెడతావు అని ఒక్కొక్కటే అడగసాగాడు. నోట్‌బుక్ అమ్మాయి గడియారం తీసి, నేను దిగి చూసొస్తా అని కిందికి బయల్దేరింది. ఇంకో ఇద్దరు ఆమె వెంట నడిచారు.