జీతపు చీటీలో ఒక మాట

కవిత్వంలో ఒక పదం ఎందుకు పడింది, దాని స్థానంలో మరొక పదం ఎందుకు పడలేదు అని మనం గంటల తరబడి చర్చించుకుంటాం. కథలో పాత్రను రచయిత ఏ పేరుతో పిలిచాడు, ఆ పిలుపులో ఏ దృష్టి దాగివుంది అని ఆరా తీస్తాం. అయితే ఈ దేశంలో కోట్లాది మంది నెలకొకసారి ఆత్రంగా చదివే రచన ఒకటున్నది. దాని జోలికి ఏ విమర్శకుడూ పోలేదు. అది జీతపు చీటీ. చదివేవాడు కూడ దాన్ని పూర్తిగా చదవడు. అడుగున ఉన్న అంకె చూస్తాడు; బాకీలు, అద్దె, ఊరికి పంపవలసిన డబ్బు మనసులో లెక్కవేసుకుంటాడు; అంతటితో సరి. పై వరుసలో తన డబ్బుకు యజమాని ఏ పేరు పెట్టాడో చూడడు. అసలు కథంతా ఆ పేరులోనే ఉన్నదని నా అభిప్రాయం.

నేను చిల్కానగర్‌లో కాపురముంటున్నాను. కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెప్పడం నా వృత్తి. మా పేటకు ఒకవైపు ఉప్పల్, మరొకవైపు నాచారం పారిశ్రామికవాడ. ఉదయం షిఫ్టుకు పోయేవారూ, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవారూ మా వీధిలోనే ఎదురుపడతారు. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చొప్పున అద్దెకుండే కుర్రవాళ్ళలో మన జిల్లాల నుండి వచ్చినవారున్నారు; ఒడిశా, బీహారుల నుండి వచ్చినవారున్నారు. లెక్కల పంతులని పేరు పడింది గనుక పాన్ కార్డు దగ్గర నుండి పీఎఫ్ దాకా ఏ చిక్కు వచ్చినా మా గడప తొక్కుతారు.

2024లో అట్లా వచ్చినవాడు ఒక పాతికేళ్ళ యువకుడు. ప్లాస్టిక్ సామాను పోతపోసే ఒక షెడ్డులో మిషను మీద పని. నెలకు 18,000 రూపాయలు అని చెప్పి పెట్టుకున్నారు. చేతికి వచ్చేది 16,200.

"సార్, పద్దెనిమిది వేలకే ఇన్‌కమ్ టాక్స్ పడుతదా? సూపర్‌వైజర్‌ను అడిగితే అందరికీ గంతే అన్నడు. టాక్స్ కడుతున్నవంటే పెద్దోడివైనట్టే అని మా దోస్తులు నవ్వుతున్నరు" అన్నాడు.

చీటీ చూశాను. నెలకు 1,800 కోత, అంటే నూటికి పది. పై వరుసలో "జీతం" అన్న మాట లేదు. "ప్రొఫెషనల్ ఫీజు" అని ఉన్నది.

మొదట పన్ను సంగతి. జీతం మీద పన్ను కోసే పద్ధతి వేరు, ఫీజు మీద కోసే పద్ధతి వేరు. జీతమైతే యజమాని ఏడాది మొత్తం ఆదాయాన్ని అంచనా వేసి, దాని మీద పన్ను పడితేనే, ఆ పన్నును పన్నెండు నెలలకు పంచి కోయాలి. పడకపోతే కోత లేదు. ఫీజుకు ఈ అంచనా లేదు. డాక్టరుకో, వకీలుకో, ఆడిటరుకో ఇచ్చే ఫీజు నిర్ణీత మొత్తం దాటితే చాలు, నూటికి పది ముందుగానే పట్టి ప్రభుత్వానికి జమచేయాలి. ఆ మొత్తం 2024–25లో ఏడాదికి 30,000. 2025 ఏప్రిల్ నుండి 50,000 చేశారు. ఆ కోత పన్ను కాదు, పన్నుకు బయానా. ఏడాది చివర లెక్క తేల్చుకొని, పన్ను లేకపోతే తిరిగి తీసుకోవచ్చు.

మన యువకుడి ఏడాది ఆదాయం 2,16,000. 2024–25లో కొత్త పద్ధతి ప్రకారం 3 లక్షల దాకా పన్నే లేదు. 7 లక్షల దాకా రాయితీ వలన కట్టవలసినది సున్న. 2025–26కు ఆ పరిమితులు 4 లక్షలకు, 12 లక్షలకు పెరిగాయి. జీతగాళ్ళకైతే మరొక 75,000 తగ్గింపు ఉండడం వలన 12,75,000 దాకా పన్ను పడదు. ఫీజు తీసుకునేవాడికి ఆ 75,000 తగ్గింపు వర్తించదు. చట్టం కూడ పేరును బట్టే మర్యాద చేస్తుందన్నమాట.

కనుక అతడు ఒక్క రూపాయి కూడ ఆదాయపు పన్ను కట్టవలసినవాడు కాడు. కోసినది నిజంగా అతని పాన్ నంబరు మీద జమ అయిందా లేదా అన్నది 26ఏఎస్ అనే లెక్కలో చూసుకోవచ్చు. చూశాం, జమ అయింది. మరుసటి ఏడు రిటర్ను వేశాం. 21,600 అతని ఖాతాలో పడ్డాయి. "పైసలు వాపస్ వచ్చినయ్ సార్" అని మిఠాయి పట్టుకొని వచ్చాడు.

ఇంతటితో సమస్య తీరిందని అతడనుకున్నాడు. తీరలేదు. ఎందుకో తెలియాలంటే అదే 18,000ను జీతమనే పేరుతో ఇస్తే చీటీ ఎట్లా ఉండేదో చూడాలి.

బేసిక్ 12,000, తక్కినవి అలవెన్సులు అనుకుందాం. ప్రావిడెంట్ ఫండ్ కోత బేసిక్ మీద నూటికి 12 చొప్పున 1,440. ఈఎస్ఐ కోత మొత్తం జీతం మీద నూటికి ముప్పావలా, అంటే 135. తెలంగాణలో 15,000 దాటి 20,000 లోపు జీతానికి వృత్తి పన్ను 150. అంతా కలిపి 1,725. చేతికి వచ్చేది 16,275.

ఫీజుగా 16,200, జీతంగా 16,275. తేడా 75 రూపాయలు. రెండు టీల ఖర్చు కూడ కాదనిపించే ఈ తేడాను చూసి, ఏ పేరైతేనేం అని ఎవరైనా అనుకుంటారు. మోసం అంతా ఇక్కడే ఉన్నది. జీతమన్నప్పుడు చీటీలో కనబడని మరొక లెక్క నడుస్తుంది. యజమాని తన జేబులో నుండి ప్రావిడెంట్ ఫండుకు మరొక 1,440 కట్టాలి. అందులో సుమారు 1,000 పింఛను నిధికి, 440 పనివాడి ఖాతాకు పోతాయి. ఈఎస్ఐకి నూటికి మూడుంపావు చొప్పున 585 కట్టాలి. మొత్తం నెలకు 2,025, ఏడాదికి 24,300. "జీతం" అన్న మాట కొట్టివేసి "ఫీజు" అని రాయడం వలన ఒక్కొక్క పనివాడి మీద యజమానికి మిగిలేది ఇది. పనివాడికి తిరిగి వచ్చిన 21,600 అతని కష్టార్జితమే. ఈ 24,300 మాత్రం ఏ రిటర్ను వేసినా తిరిగి రాదు.

ఈ వాటాలు యజమానుల ఔదార్యం వలన పుట్టలేదు. ఈఎస్ఐ చట్టం 1948లో వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు ప్రారంభమయింది. ప్రావిడెంట్ ఫండ్ చట్టం కూడ 1952 నాటిదే. మొదట ఆరు పరిశ్రమలకే పరిమితం. కోత నూటికి ఆరుంపావు, అనగా రూపాయికి ఒక అణా. పని చేసే శరీరానికి జబ్బు చేస్తుంది, దెబ్బ తగులుతుంది, వయసు మీద పడుతుంది. ఆ ఖర్చు కూడ ఉత్పత్తి ఖర్చులో భాగమే అన్న సూత్రాన్ని ఆ చట్టాలు ఒప్పుకున్నాయి. ఫీజు అన్న మాట ఆ సూత్రాన్ని వెనుక తలుపు గుండా బయటకు పంపుతుంది. ఫీజు తీసుకునే నిపుణుడు తన జబ్బు తానే చూసుకోవాలి, తన ముసలితనం తానే చూసుకోవాలి.

ఇది సిద్ధాంతం కోసం చెప్పే మాట కాదు. అదే షెడ్డులో, అదే రకం చీటీ తీసుకునే మరొక కుర్రవాడికి ఆ ఏటి వానాకాలంలో మిషను దగ్గర చెయ్యి కాలింది. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది. బీమా నంబరు లేదు గనుక అతన్ని ఆ ఆసుపత్రికి కాక ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు. మొదటి రోజు కట్టు ఖర్చు కంపెనీ భరించింది. తరువాతి ఖర్చు గదిలోనివారు తలాకొంత వేసుకున్నారు. మూడు వారాలు పని లేదు, డబ్బు లేదు. ఈఎస్ఐలో ఉండివుంటే పనిలో తగిలిన దెబ్బకు వైద్యంతో పాటు రోజు కూలిలో నూటికి 90 వంతు చొప్పున వచ్చేది. 18,000 జీతానికి 21 రోజులకు అది 11,340 రూపాయలు. పేరు మారితే ఏమవుతుందన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఆ కుర్రవాడి చెయ్యి.

ఉపాధ్యాయ మిత్రులు ఇది షెడ్డుల్లో జరిగే వ్యవహారమని అనుకోకూడదు. గెస్టు లెక్చరరుకు ఇచ్చేదాన్ని మన కాలేజీలలో "గౌరవ వేతనం" అంటారు. అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేదీ గౌరవ వేతనమే. ఆశా కార్యకర్తకు ఇచ్చేది "పారితోషికం". ఇంటింటికీ భోజనం మోసేవాడు "పార్ట్‌నర్". మాట ఎంత పెద్దదైతే హక్కు అంత చిన్నదవుతున్నది. గౌరవం పెరిగినకొద్దీ వేతనం తరగడం మన భాషకు పట్టిన వింత జబ్బు. అయితే న్యాయస్థానాలు ఈ మాటలను ప్రతిసారీ నమ్మలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గౌరవ వేతనమని పిలిచినా అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేది వేతనమేననీ, వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదనీ తీర్పు చెప్పింది.

అంతకన్న పాతది, మన ప్రాంతానిదే, దర్జీల కేసు ఒకటున్నది. తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం కింద సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి కూలి. కొందరు గుడ్డ ఇంటికి తీసుకుపోయి కుట్టేవారు. వేరే చోట పని చేసుకోవద్దన్న నిషేధం లేదు. వీరు మా పనివారు కారు, స్వతంత్రులు అని యజమాని వాదన. కుట్టు బాగాలేదని తిప్పికొట్టి, మళ్ళీ కుట్టమనే అధికారం యజమానికి ఉన్నప్పుడు వారు పనివారేనని 1973 సెప్టెంబరులో కోర్టు తేల్చింది. చీటీ మీది పేరు కంటె పని మీద ఎవరి అదుపు ఉన్నదన్న ప్రశ్న ముఖ్యమని దీని సారం. మిషను కంపెనీది, షిఫ్టు కంపెనీది, హాజరు కంపెనీది, ఆలస్యమైతే కోత కంపెనీది అయినప్పుడు పాతికేళ్ళ కుర్రవాడు ఏ విధంగా నిపుణుడైన డాక్టరుతో సమానుడు?

దీనికి రెండు ఆక్షేపణలు వినబడతాయి. మొదటిది పనివారిదే: "పీఎఫ్ ఎందుకు సార్, చేతికి పైసలు రావాలె." అద్దె గడువు నెత్తిమీద ఉన్నవాడి మాటను తీసిపారేయలేం. కాని మన లెక్కలో చేతికి వచ్చేది ఏమీ పెరగలేదు. పనివాడు వద్దన్నదీ, యజమాని ఎగవేసినదీ ఒకటి కాదు. పనివాడు తన వాటా వద్దన్నాడు; పోయినది యజమాని వాటా. రెండవది చిన్న యజమానులది: పెద్ద కంపెనీలు సరుకు ధర నొక్కివేస్తుంటే ఈ 2,025 ఎక్కడి నుండి తెస్తామంటారు. ఇందులో కొంత నిజమున్నది. అయితే పైవాడు నొక్కినదంతా కిందివాడి చెయ్యి మీదికి దించడం పరిష్కారం కాదు. ఆ కిందివాడికి నొక్కడానికి ఇంకెవరూ లేరు.

పన్ను గురించి మరొక మాట. ఆదాయపు పన్ను కట్టనివారిని దేశానికి బరువన్నట్లు మాట్లాడే విద్యావంతులు మనలో ఉన్నారు. మన యువకుడు కొన్న సబ్బు మీద, టూత్‌పేస్టు మీద 2025 సెప్టెంబరు 21 దాకా 18 శాతం జీఎస్టీ ఉండేది. మరునాటి నుండి 5 శాతం చేశారు. తగ్గినా ఉన్నది. నెలకు 20,000 దాటితే వృత్తి పన్ను 200. ఇరవై ఒక్క వేలవాడికీ అంతే, రెండు లక్షలవాడికీ అంతే. ఏడాదికి 2,500 మించి వేయరాదని రాజ్యాంగం 276వ అధికరణంలో పరిమితి ఉన్నది. ఆ పరిమితి ఉన్నవాడిని కాపాడినంతగా లేనివాడిని కాపాడడం లేదు. ఇక సంపద మీద పన్నును 1957లో వేసి 2015లో ఎత్తివేశారు. కంపెనీల పన్నును 2019లో 22 శాతానికి తగ్గించే వీలు కల్పించారు. ఎవరు ఎవరికి బరువో చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడులను అమలులోకి తెచ్చారు. వాటిపై కార్మిక సంఘాలకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. ఆ చర్చ వేరే జరగాలి. ఇక్కడ మనకు కావలసినవి మూడు అంశాలు: నియామక పత్రం ఇవ్వాలి, జీతపు చీటీ ఇవ్వాలి, అలవెన్సులు మొత్తంలో సగం మించితే, మించినది వేతనంలోనే కలిపి లెక్కించాలి. బేసిక్‌ను కుదించి పీఎఫ్ తగ్గించే ఎత్తుకు ఇది కొంత అడ్డు. అయితే ఇవన్నీ "పనివాడు" అని ఒప్పుకున్నవాడికే. ఫీజు అని రాస్తే తలుపు దగ్గరే ఆగిపోతాడు.

అందువలన ఉద్యోగంలో చేరే విద్యార్థికి నేను చెప్పేది ఇదే. మొదటి నెల చీటీని పై నుండి చదువు. జీతమని ఉన్నదా? పీఎఫ్ ఖాతా నంబరు, ఈఎస్ఐ బీమా నంబరు ఉన్నాయా? కోసినది జమ అవుతున్నదా? లేకపోతే షిఫ్టు పట్టిక, హాజరు, సూపర్‌వైజరు పంపిన సందేశాలు, గేటు పాసు దాచిపెట్టు. రేపు నీవు పనివాడివేనని రుజువు చేసేవి అవే. ఒక్కడివే అడగకు, అదే చీటీ తీసుకునే తక్కిన వారితో కలిసి అడుగు. ఇక పాఠాలు చెప్పే మనం, పద్యానికి ప్రతిపదార్థం చెప్పించినట్లే ఏడాదికి ఒక్క గంట జీతపు చీటీకి ప్రతిపదార్థం చెప్పించవచ్చు. ఆ పని మన స్టాఫు రూములో మన చీటీలతోనే మొదలుపెట్టవచ్చు.