మా ఇంటి డిసెంబరు కథలు

డిసెంబరు మొదటి ఆదివారం సాయంత్రం బాల్కనీలో నక్షత్రం కట్టడం అయిపోగానే మా ఇంట్లో జరిగే రెండో పని, అటక మీది రేకు పెట్టె దింపడం. అందులో ఉండేవి అలంకరణ సామాన్లు కావు, కథల పుస్తకాలు. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. ఏడాదంతా వాటి మొహం చూడం. ఈ ఒక్క నెలలో మాత్రం రాత్రి భోజనాలయ్యాక ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. మా పెద్దమ్మాయికి ఆరేళ్లప్పుడు మొదలుపెట్టాం. ఇప్పుడు దానికి ఇరవై. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. చిన్నవాడు పదో తరగతి.

పుస్తకాలు కొనేది డిసెంబరులో కాదు, జనవరిలో. మాది గుంటూరు. క్రిస్మస్ అయిన వారానికే విజయవాడలో పుస్తకాల పండుగ మొదలవుతుంది. వెళ్లి ఒకటో రెండో కొని, కవరు కూడా విప్పకుండా పెట్టెలో పడేస్తాం. పదకొండు నెలలు ఆగాలి! పిల్లలు చిన్నప్పుడు ఆ కవరు చుట్టూ తిరిగిన తిరుగుడు చూడాలి మీరు. కొత్త బట్టల కోసం కూడా అంత తిరగలేదు.

ఇక క్రిస్మస్ ముందు వారం సంగతి మీకు చెప్పక్కర్లేదు. అరిసెలకు బియ్యం నానబోయడం, పాకం, చెక్కలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు. అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. నూనె మూకుడు పొయ్యి మీద ఉన్న రోజున చదివే వంతు మా ఆయనది. ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చదువుతుంటే నేను గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచి తీస్తూ వింటాను. చేతులు ఖాళీ లేనప్పుడు చెవులైనా పండుగ చేసుకోవాలి కదా.

పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషువి. మా అత్తయ్యగారు చదివింది ఐదో తరగతి, అదీ తెలుగులో. ఆవిడ వినకుండా మేం చదువుకోవడం కుదరదు. కాబట్టి ఎవరి వంతు వచ్చినా కంటితో ఇంగ్లీషు చూస్తూ నోటితో తెలుగులో చెప్పాలి. బి.ఏ. తెలుగు చదివి ఏం చేశావని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

ఇలా చెప్పడంలో ఎన్ని తిప్పలున్నాయో! మంచునే తీసుకోండి. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, కథల్లో మోకాలి లోతున పడేదీ మంచే. మావాడు చాలాకాలం ఆ కథల్లోవాళ్లంతా మా హైవే మీది పొగమంచులో తిరుగుతున్నారనే అనుకున్నాడు. అంత మాత్రానికే చలికి చచ్చిపోతారా అని వాడి సందేహం. ఆండర్సన్ రాసిన దేవదారు చెట్టు కథలోనూ ఇంతే. 1844లో వచ్చిన కథ అది. అడవిలో ఉన్నంతకాలం ఎప్పుడు పెద్దవుతానా అని తొందరపడి, ఒక్క రాత్రి దీపాలతో వెలిగి, తర్వాత అటక మీద ఎండిపోయి, చివరికి పొయ్యిలోకి పోయే చెట్టు. దేవదారు మేమెవరం చూశాం? మా చిన్నప్పుడు బాపట్ల వైపు నుంచి సరుగుడు కొమ్మలు తెచ్చి గుడిలో నిలబెట్టేవారు. అందుకే మా ఇంట్లో ఆ కథ సరుగుడు చెట్టు కథ అయిపోయింది.

డికెన్స్ క్రిస్మస్ కరోల్‌కు ఐదు రాత్రులు కేటాయిస్తాం. 1843 డిసెంబరు 19న విడుదలై, క్రిస్మస్ ముందురోజుకే ఆరు వేల ప్రతులు అమ్ముడైన పుస్తకం. ఆయన దాన్ని ఐదు భాగాలుగానే రాశాడు కాబట్టి రాత్రికొకటి చక్కగా సరిపోతుంది. పిల్లికి బిచ్చం పెట్టని ముసలాయన దగ్గరికి ఆత్మలు వచ్చి జరిగిపోయినదీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ చూపించే కథ. పండుగ పూట దయ్యాల కథేమిటని అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. మొదట వచ్చే ఆత్మ గడిచిపోయిన కాలానిది. తెలుగు వ్యాకరణంలో దాన్ని భూతకాలం అనే అంటారని నేను చెప్పేసరికి పిల్లలు పడీపడీ నవ్వారు. ఆవిడా నవ్వేశారు. అప్పటినుంచి ఆ పుస్తకం పేరు మా ఇంట్లో భూతకాలం పుస్తకం.

అగ్గిపుల్లల పిల్ల కథ దగ్గర మాత్రం ప్రతిసారీ గొడవే. నిజానికి అది క్రిస్మస్ కథ కూడా కాదు, సంవత్సరం ఆఖరి రాత్రి జరిగే కథ. అందుకని 31న, రాత్రి ఆరాధనకు బయల్దేరే ముందు చదువుతాం. చివర పిల్ల చనిపోతుంది. నా స్నేహితురాళ్లలో కొందరు ముగింపు మార్చి, ఎవరో దయగలవాళ్లు వచ్చి తీసుకుపోయారని చెబుతారట. నేను మార్చను. ఆండర్సన్ చెప్పులు కుట్టే ఆయన కొడుకు, తల్లి బట్టలుతికి బతికింది. లేమి ఎలా ఉంటుందో తెలిసినవాడు రాసినదాన్ని తెలియని నేను తియ్యగా చేసి పెట్టడం ఎందుకు? మా అమ్మాయి ఏడేళ్లప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను. మర్నాడు సిగ్నల్ దగ్గర పెన్నులు అమ్మే పిల్లను చూసి ఆటో ఆపమంది.

ఇన్ని కథల్లోకీ మా ఇంటిని కదిపింది మాత్రం టాల్‌స్టాయ్ కథ. మా నాన్న బడిపంతులు. విశాలాంధ్రలో చవగ్గా దొరికే సోవియట్ పుస్తకాలు తెచ్చేవారు కాబట్టి టాల్‌స్టాయ్ పిల్లల కథలు నాకు చిన్నప్పుడే తెలుసు. కానీ ప్రేమ ఉన్నచోటే దేవుడుంటాడనే ఈ కథ పెళ్లయ్యాకే ఇంగ్లీషులో చదివాను. 1885 నాటిది. మార్టిన్ అని చెప్పులు కుట్టే ముసలాయన. భార్యా పిల్లలూ పోయారు. నేలమాళిగలో ఉంటాడు. ఉన్న ఒక్క కిటికీలోంచి దారిన పోయేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. బూట్లు చూసే ఎవరు వెళ్తున్నారో చెప్పగలడు. ఆ వీధిలో సగం బూట్లు ఆయన చేతిమీదుగా వెళ్లినవే మరి. దేవుడు రేపు వస్తానన్నాడని ఎదురు చూస్తూ కూర్చుంటాడు. వచ్చేది మంచు ఊడ్చే ముసలాయన, చంటిబిడ్డతో చలికి వణికే తల్లి, ఆపిల్ పళ్లమ్మే అవ్వ. ఫ్రెంచిలో రాసిన ఒక క్రిస్మస్ కథను టాల్‌స్టాయ్ తన ఊరి మనుషులతో తిరగరాశాడు.

ఐదేళ్ల కిందట ఒక రాత్రి అది చెబుతున్నాను. మార్టిన్ సూది పక్కన పెట్టి కిటికీలోంచి చూశాడన్నాను. అత్తయ్యగారు తలెత్తకుండానే, “సూది కాదమ్మా, ఆరె అంటారు” అన్నారు. కజ్జికాయ అంచు మడుస్తున్న చేతులు ఆగలేదు.

“ఆరె అంటే ఏంటి నాయనమ్మా?” అన్నాడు చిన్నవాడు.

“తోలుకు బెజ్జం పెట్టేది. కోయడానికి రంపె, కొట్టడానికి గూటం. మా నాయన దగ్గర మూడూ ఉండేయి.”

ఇంట్లో ఒక్కసారిగా చప్పుడు లేదు. వాడి ఐదో తరగతి వంశవృక్షం చార్టు గోడకు ఆనించి అక్కడే ఉంది. అందులో ముత్తాత పేరు కింద వృత్తి రైతు అని రాసి ఉంది. రాయించింది మా ఆయన. ఎందుకు రాయించారో నాకు తెలుసు. హాస్టళ్లలో ఉండి చదువుకున్నాయన, మీ తాత ఏం చేసేవాడన్న ప్రశ్న వెనక ఏ ప్రశ్న దాక్కుని ఉంటుందో బాగా ఎరిగినాయన. మా వైపు మా తాత పాలేరు. నాన్న మాస్టారయ్యాక ఆ మాట మా ఇంట్లోనూ వినపడలేదు.

“మరి నాన్న రైతని రాయమన్నారుగా?” అన్నాడు వాడు.

మా ఆయన పుస్తకం వైపు చూస్తూ కూర్చున్నారు. అత్తయ్యగారే అన్నారు, “రైతులకు చెప్పులు కుట్టాడులే. దగ్గర దగ్గరే రాశాడు మీ నాన్న.”

ఆ రాత్రి మార్టిన్ కథ పూర్తి కాలేదు. ఆవిడ చెబుతూనే ఉన్నారు. చింతచెట్టు కింద వాళ్ల నాయన కూర్చునే రాయి, కిర్రు చెప్పులు, మోట బావులకు కుట్టిన తోలు తొండాలు, ఏడాదంతా కుట్టినదానికి కల్లంలో కొలిచే గింజలు. ఆయన కూడా అరుగుదల చూసి మనిషిని చెప్పేవాడట. మడమ ఒక పక్కే అరిగితే బరువులు మోసేవాడని, ముందు వేళ్ల దగ్గర అరిగితే తొందర మనిషని. కుట్టిన జత ఇవ్వడానికి ఊళ్లోకి వెళ్లేటప్పుడు మాత్రం వాటిని చేత్తో పట్టుకుని, తను వట్టికాళ్లతో వెళ్లాలట.

“ఎందుకు? ఆయన చెప్పులు ఆయనకుంటాయిగా?” అంది మా అమ్మాయి.

“వేసుకుని ఆ వీధిలో నడవకూడదు” అన్నారు ఆవిడ. అంతే చెప్పారు. అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లు. అర్థమైంది. చిన్నవాడికి వాళ్ల నాన్న చెప్పారు, మర్నాడు రాత్రి మేడ మీద, చాలాసేపు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆరె ఇప్పుడెవరి దగ్గరుందో అత్తయ్యగారికీ తెలియదు. చార్టు అప్పటికే ఇంకు పెన్నుతో రాసింది. సోమవారం స్కూలుకు వెళ్లేముందు వాడు రైతు కొట్టేసి పక్కన కొత్త మాట రాసుకున్నాడు. కొట్టివేతకు టీచరు ఒక మార్కు తగ్గించారు.

మరుసటేడు నుంచి ఆ కథ మా చేతుల్లో లేదు. చెప్పేది అత్తయ్యగారే. నేలమాళిగ కాస్తా తాటాకు పాక అయింది. మంచుకు బదులు తుపాను ముసురు. మార్టిన్ పెట్టిన క్యాబేజీ సూపు జొన్న జావగా మారింది. చంటిబిడ్డ తల్లికి మార్టిన్ పాత కోటు ఇచ్చాడని పుస్తకంలో ఉంది. మా ఇంటి మార్టినయ్య ఆవిడకు చెప్పుల జత కూడా ఇస్తాడు. అది పుస్తకంలో లేదని మావాడు ఒకసారి అన్నాడు. ఆవిడ వాడి మాట విననట్టే ముందుకు వెళ్లిపోయారు.

పోయిన డిసెంబరులో రెండుచోట్ల ఆగిపోయారు. ఆపిల్ పళ్ల అవ్వ, ఇక్కడ రేగుపళ్ల అవ్వ, వచ్చిందో లేదో గుర్తు రాలేదు. పిల్లలు అందించారు. డెబ్బై తొమ్మిదేళ్లు. అమ్మాయి ఫోన్లో రికార్డు చేసుకుంది కానీ అందులో సగం గ్రైండరు చప్పుడే. ఈసారి రికార్డింగు రోజున పిండి రుబ్బడం పెట్టుకోవద్దని నాకు ముందే హుకుం జారీ చేసింది.

దానికి 23 రాత్రి రైలు దొరికింది. కాబట్టి మార్టిన్ కథ 24 సాయంత్రానికి జరిపాం. చిన్నవాడికి ట్యూషన్ తొమ్మిది దాకా ఉంది, ఈ ఏడాది చదువులన్నీ తొమ్మిదిన్నరకే. జనవరిలో కొన్న పుస్తకం ఇంకా కవరులోనే ఉంది. అరిసెలకు బియ్యం రేపు నానబోయాలి.