మానిటర్‌కు పెళ్లిచూపులు!

ప్యారడైజ్ అనగానే ఎవరికైనా బిర్యానీ వాసన గుర్తొస్తుంది. కానీ ఇంజినీరింగ్ కుర్రాళ్లను కదిపి చూడండి... ఆ కూడలికి దగ్గర్లోనే ఉండే పార్క్‌లేన్ గురించి చెబుతారు. అక్కడి ‘సీటీసీ’ గురించి ఇంకా ఎక్కువ చెబుతారు. పూర్తి పేరు చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ పేరుతో అడిగితే ఆటోవాలా ఓ క్షణం ఆలోచిస్తాడేమో గానీ, సీటీసీ అంటే చాలు బండి స్టార్ట్ చేస్తాడు. మౌసు నుంచి మదర్‌బోర్డు దాకా కంప్యూటర్‌కు సంబంధించి ఏం కావాలన్నా సికింద్రాబాద్‌లో దారి అక్కడికే!

లోపలికి అడుగుపెడితే ఇరుకైన వరండాలు, అటూ ఇటూ అగ్గిపెట్టెల్లాంటి దుకాణాలు, మనిషి ఎత్తున పేర్చిన అట్టపెట్టెలు. ఓ చోట ల్యాప్‌టాప్‌ను ముక్కలు ముక్కలుగా విప్పి బాగుచేస్తుంటారు. పక్కనే ప్రింటర్‌లో ఇంకు నింపుతుంటారు. ‘ఏం కావాలి సార్... ల్యాప్‌టాపా, మానిటరా?’ అన్న పిలుపు మెట్లెక్కేలోపు నాలుగుసార్లు వినిపిస్తుంది.

కోచింగుల కోసం అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఇప్పుడీ ప్రయాణం చాలా సులువు. 2017 నవంబరులో మెట్రో పరుగులు మొదలయ్యాక నాగోలు వైపు వెళ్లే రైలెక్కితే చాలు... బేగంపేట, ప్రకాశ్‌నగర్, రసూల్‌పుర దాటగానే నాలుగో స్టేషను ప్యారడైజ్. ఆదివారం మాత్రం వెళ్లకండి, ఎక్కువ షాపులకు ఆరోజు సెలవు.

అన్నీ ఫోన్లోనే కొనేసే ఈ రోజుల్లో అంతదూరం పోవడం ఎందుకంటారా? ర్యామ్ ఎంతో, హార్డ్‌డిస్కు ఎంతో అంకె చూసి కొనేయొచ్చు. మానిటర్ విషయం వేరు. ఫొటో చూసి తాంబూలాలు పుచ్చుకోలేం కదా! ఎదురుగా కూర్చుని చూడాల్సిందే. పైగా ల్యాప్‌టాప్ నాలుగేళ్లకే మూలన పడొచ్చు గానీ, మంచి మానిటర్ చదువు పూర్తయి ఉద్యోగంలో చేరాక కూడా బల్ల మీదే ఉంటుంది.

ఒళ్లో పెట్టుకున్న రోజులు

ఇరవై ఏళ్ల కిందట మానిటర్ కొనడమంటే కండబలం ఉండాల్సిన పని. వెనకాల గంపంత బుర్ర ఉన్న సీఆర్‌టీ తెరను ఇద్దరు పట్టుకుని దింపి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవారు. అప్పుడూ అంకెల్లో ఓ మెలిక ఉండేది. 15 అంగుళాలని కొన్న సీఆర్‌టీలో కంటికి కనిపించేది 13.8 అంగుళాలే. మిగతాది ప్లాస్టిక్ చట్రం వెనక దాక్కునేది. 2000 దశకం పూర్తయ్యేసరికి పలుచటి ఎల్‌సీడీలు వాటిని బల్లల మీద నుంచి దింపేశాయి. కరెంటూ మిగిలింది. 17 అంగుళాల సీఆర్‌టీ 70 వాట్లకు పైనే తాగితే, ఇప్పటి 24 అంగుళాల ఎల్‌ఈడీ తెరకు సుమారు 25 వాట్లు చాలు.

అంగుళాల మాయ మాత్రం పోలేదు. తెరను కొలిచేది ఒక మూల నుంచి ఎదురు మూలకు. తెర వెడల్పవుతున్న కొద్దీ అంగుళాలు పెరుగుతాయి, ఎత్తు పెరగదు. పాత 17 అంగుళాల చదరపు ఎల్‌సీడీ ఎత్తు పదిన్నర అంగుళాలు. కొత్తగా వచ్చే 18.5 అంగుళాల వెడల్పు తెర ఎత్తు తొమ్మిదే! సినిమాకు ఫర్వాలేదు. పాఠమో, ప్రోగ్రామో చదవాలంటే మాటిమాటికీ కిందికి జరుపుతూ పోవాల్సిందే. చవగ్గా వస్తోందని 18.5 అంగుళాలది తీసుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

టీవీయే కొంటే పోలా?

మేం వెళ్లిన రోజు ఓ షాపులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తండ్రీకొడుకులు కనిపించారు. అబ్బాయి బీటెక్ రెండో ఏడాది. చిన్న ల్యాప్‌టాప్ ముందు వంగి గంటల తరబడి పనిచేస్తే మెడనొప్పి, తలనొప్పి. వడ్లమ్మిన డబ్బులోంచి తండ్రి తొమ్మిది వేలు తీసి జేబులో పెట్టుకొచ్చాడు. అందులో ఒక్క రూపాయి కూడా పెరిగే వీల్లేదు. గోడకున్న 32 అంగుళాల టీవీ ధర అడిగి ఆయన కొడుకు వైపు తిరిగాడు.

‘‘గీ పైసలకు గంత పెద్ద టీవీ అస్తది గద బిడ్డా! నీ సదువూ అయితది, సెలవులకు తెస్తే ఇంట్ల అందరం సిన్మా జూస్తం.’’

‘‘అది దూరంకెల్లి జూసేది బాపూ’’ అన్నాడు అబ్బాయి.

షాపతను వాదన పెట్టుకోలేదు. ఒకే పాఠం పేజీని టీవీ మీదా, పక్కనున్న 22 అంగుళాల మానిటర్ మీదా తెరిచి, కుర్చీ దగ్గరికి లాగి పెద్దాయన్నే కూర్చోమన్నాడు. ఆయన రెండింటినీ మార్చిమార్చి చూశాడు. ‘‘దీంట్ల అచ్చరం మసకగున్నది. వద్దు’’ అని టీవీని తనే పక్కనపెట్టేశాడు.

కారణం లెక్కల్లో ఉంది. చవక రకం 32 అంగుళాల టీవీలో చుక్కలు అడ్డంగా 1366, నిలువుగా 768. అంటే అంగుళానికి 49 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 1920, 1080. ఆ చుక్కలన్నీ 22 అంగుళాల్లో సర్దుకుంటే అంగుళానికి వందకు పైనే! 24 అంగుళాలైతే 92, 27 అంగుళాలైతే 82. చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చునేవాళ్లకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. తక్కువ డబ్బులో అక్షరం సూదిమొనలా కనిపించాలంటే 22 లేదా 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ దగ్గర ఆగిపోవడమే మేలు.

అబ్బాయి కళ్లు మాత్రం పక్కనున్న వంపు తిరిగిన 27 అంగుళాల గేమింగ్ తెర మీదే ఉన్నాయి. ఆ మోజు ఖరీదు హాస్టల్ ఫీజుకు ఎసరు పెట్టేంత! సెకనుకు 165 సార్లు బొమ్మ మారే తెర ఆటలాడేవాళ్లకు ముచ్చటే గానీ, పాఠాలు చదవడానికి, ప్రోగ్రాములు రాయడానికి 60 హెర్ట్జ్ సరిపోతుంది. ఇప్పుడు మామూలు ధరలోనే 75, 100 హెర్ట్జ్ తెరలూ వస్తున్నాయి. దొరికితే మంచిదే. దానికోసమే వేలు పోయనక్కర్లేదు.

చూపుల్లో అడగాల్సినవి

పెట్టె మీద మూడు పేర్లు కనిపిస్తాయి... టీఎన్, వీఏ, ఐపీఎస్. టీఎన్ తెరను పక్క నుంచో, కింద నుంచో చూస్తే రంగులు వెలిసిపోతాయి. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ వేగంగా కదిలే బొమ్మలకు తోక వచ్చినట్లు కనిపించవచ్చు. హిటాచీ సంస్థ 1996లో మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్ రకం ఏ పక్క నుంచి చూసినా రంగు మారదు. ఒకప్పుడు అది ఖరీదైన సరుకు. ఇప్పుడు విద్యార్థి బడ్జెట్లోకి దిగొచ్చింది. పేరున్న కంపెనీల 22, 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్లు ఏడెనిమిది వేల నుంచి పది వేల మధ్యలో దొరుకుతున్నాయి. పరీక్ష కూడా తేలికే. మనిషి ముఖం ఉన్న ఫొటో తెరిచి, కాస్త పక్కకు జరిగి చూడండి. ముఖం రంగు మారిందా, వదిలేయండి!

తర్వాత తెరంతా తెల్లగా, నల్లగా, ఎర్రగా, పచ్చగా, నీలంగా మార్చి చూపించమనండి. ఎక్కడైనా రంగు మారని చుక్క ఉంటే అది డెడ్ పిక్సెల్. ఒకటీ అరా చుక్కలను లోపంగా లెక్కలోకే తీసుకోని కంపెనీలున్నాయి. కాబట్టి డబ్బులిచ్చేలోపే చూసుకోవాలి. వెలుతురు బాగా తగ్గించి ఫోన్ కెమెరాను తెరవైపు పెట్టండి. చారలు పాకుతున్నట్లు కనిపిస్తే వెలుగు వేగంగా ఆరి వెలుగుతోందని అర్థం. కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది.

మీ కంప్యూటర్‌కు ఏ కేబుల్ పడుతుందో ముందే చూసుకుని వెళ్లండి. పాత డెస్క్‌టాప్‌లకు వీజీఏ మాత్రమే ఉండొచ్చు, కొత్త ల్యాప్‌టాప్‌లకు హెచ్‌డీఎంఐ ఉంటుంది, కొన్ని పలుచటి వాటికి టైప్-సి ఒక్కటే దిక్కు. పెట్టెలో ఏ కేబుల్ ఇస్తున్నారో అడగకపోతే, చివర్లో ఆ ఖర్చు మీద పడుతుంది.

పాతదైతేనేం?

ఐదు వేలు కూడా లేనివాళ్ల సంగతేంటి? అక్కడే సెకండ్‌హ్యాండ్ దుకాణాలూ ఉన్నాయి. ఆఫీసులు మార్చేసిన మానిటర్లు ఇలాంటి షాపులకు చేరుతుంటాయి. ఆఫీసు సరుకులో ఓ సుగుణం ఉంది... చాలావాటికి ఎత్తు పెంచి దించుకునే గట్టి స్టాండు ఉంటుంది. చవక రకం కొత్తవాటిలో అది అరుదు. అయితే వెనక స్టిక్కరు మీద తయారైన సంవత్సరం చూడాలి. తెల్లటి పేజీ తెరిచి పావుగంట ఉంచాలి. పసుపు తిరిగినా, మూలలు నల్లబడినా దాని వెలుగు అయిపోవచ్చినట్లే.

కొత్తదైనా పాతదైనా బిల్లు అడగండి. 32 అంగుళాల వరకు మానిటర్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గింది. ‘బిల్లు వద్దంటే తగ్గిస్తాం’ అని ఎవరైనా అంటే కాసేపు ఆగండి. కొత్త మానిటర్లకు చాలా కంపెనీలు ఇచ్చే మూడేళ్ల వారంటీకి ఆ కాగితమే ఆధారం. వెనక బీఐఎస్ నమోదు గుర్తు ఉందో లేదో కూడా చూడండి. 32 అంగుళాల లోపు తెరలకు అది తప్పనిసరి. ఆన్‌లైన్ ధర ఫోన్లో చూపిస్తే బేరానికి కొంత దారి దొరుకుతుంది. ఒక షాపులోనే ఆగకుండా పై అంతస్తు కూడా ఎక్కి దిగితే ఇంకొంత.

కరీంనగర్ పెద్దాయన చివరికి 22 అంగుళాల ఐపీఎస్ తెర తీసుకున్నాడు. బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, మిగిలిన డబ్బులు లెక్కపెట్టి కొడుకు చేతిలో పెట్టాడు.

తెచ్చుకున్నాక చేయాల్సింది ఇంకొకటుంది. మానిటర్ పై అంచు మీ కంటికి సమానంగా గానీ, కాస్త కిందికి గానీ ఉండాలి. చెయ్యి చాపినంత దూరంలో కూర్చోవాలి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి. చవక స్టాండు ఎత్తు పెరగదని బాధపడకండి. పాత ఎంసెట్ గైడ్లు ఏ హాస్టల్లోనైనా దొరుకుతాయి. రెండు కింద పెడితే ఎత్తు సరిపోతుంది, స్టాండు డబ్బులు మిగిలిపోతాయి!