జావర్ మిల్లులో నురుగు పని

ఉదయపూర్ వెళ్లినవాళ్లు సరస్సులూ కోటలూ చూసి తిరుగుముఖం పడతారు. నేను అహ్మదాబాద్ రోడ్డు పట్టుకుని దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్లాను. ఆరావళి కొండల మధ్య, టీడీ నది పక్కన జావర్ ఉంది. రెండు వేల ఏళ్లకు పైబడిన గనుల ఊరు ఇది.

దారిలోనే పాత మట్టి మూసల గుట్టలు కనిపించాయి. ఒక మూస చేతిలోకి తీసుకున్నాను. వంకాయ ఆకారం, మంటకు కరిగి గాజులా మెరిసే పైపొర. జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. అందుకే ఇక్కడివాళ్లు కొలిమికి 36 మూసలు బోర్లించి, ఆవిరిని కిందికి దింపి చల్లార్చి లోహంగా పట్టారు. వాడేసిన మూసలతో గోడలు కూడా కట్టుకున్నారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి.

అయితే మంచి రాయి ఏరాలంటే అప్పుడు కంటిచూపే ఆధారం. రాతిలో కలగలిసిపోయిన సన్నటి ఖనిజం కంటికి ఆనదు. దాన్ని పట్టే పద్ధతి చూడ్డానికే ఇక్కడి ఇప్పటి ఖనిజపు మిల్లు లోపలికి వెళ్లాను.

బంతుల మిల్లుల్లో రాయి మెత్తటి పిండై, నీళ్లతో కలిసి బురదలా తొట్లలోకి వస్తుంది. అందులో సీసపు గెలీనా, జింకు స్ఫాలరైట్, పనికిరాని డోలమైట్ అన్నీ ఉంటాయి. సీసం, జింకు కలిసి దొరికేచోట అనుసరించే వరస ఇది. ముందు సోడియం సైనైడ్, జింకు సల్ఫేట్ వేసి స్ఫాలరైట్‌ను అణచిపెడతారు. తర్వాత శాంథేట్ అనే మందు వేస్తారు. దాని ఒక కొస గెలీనాను పట్టుకుంటుంది, రెండో కొసకు నీళ్లంటే పడదు. అలా పూత పడ్డ రేణువు గాలిబుడగను అంటుకుని పైకి తేలుతుంది. బుడగ వెంటనే పగిలిపోకుండా నురుగునిచ్చే మందు వేరే.

తొట్టి అంచున నిలబడి చూశాను. ఉక్కురంగు నురుగు ఉబ్బి, అంచు దాటి కాలువలోకి జారుతోంది. గెలీనా నీటికి ఏడున్నర రెట్లు బరువు. అంత బరువు బుడగమీద తేలిపోతోంది! ఆపరేటర్ నురుగు రంగు చూసి, బుడగల సైజు చూసి మందు పెంచాలో తగ్గించాలో చెప్పేస్తున్నాడు. శాంథేట్ టన్ను రాయికి గ్రాముల లెక్కనే పడుతుంది.

సీసం పోయాక జింకు వంతు. ఇప్పుడు వేసేది మన రైతులకు తెలిసిన మైలుతుత్తమే. అందులోని రాగి స్ఫాలరైట్ పైపొరలో జింకు స్థానంలో చేరుతుంది. అప్పుడు శాంథేట్ దాన్నీ పట్టుకుంటుంది. సున్నం వేసి ఇనుప గంధకాన్ని, అంటే పైరైట్‌ను, కిందనే ఉంచుతారు. వరిలో జింకు లోపానికి చల్లే జింకు సల్ఫేట్, బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం, సున్నం: మన పొలాల్లోని ఈ మూడూ ఇక్కడ లోహాలను విడదీస్తున్నాయి. ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో రెండు వాక్యాల్లో ముగిసే ప్లవన ప్రక్రియ ఇదే.

సున్నానికి ఇంకో పని కూడా ఉంది. నీళ్లు ఆమ్లంగా మారితే సైనైడ్ విషవాయువై లేస్తుంది. సున్నం క్షారగుణాన్ని నిలిపి ఆ ప్రమాదాన్ని ఆపుతుంది. ఖనిజం తీశాక మిగిలిన బురదను కట్టలు వేసి నిలవచేయాలి, నీళ్లను మళ్లీ మిల్లుకు తిప్పాలి. పక్కనే నది, దాన్ని నమ్ముకున్న పల్లెలు ఉన్నాయి. మందు గ్రాముల్లో తూచి వేయడం లోహం కోసం ఎంత అవసరమో, ఆ నీళ్ల కోసమూ అంతే అవసరం. ఈ రెండో లెక్క తప్పితే మొదటి లెక్క ఎంత సరిపోయినా లాభం లేదు.