ఊరకే వచ్చే మామిడి తొక్క, గుడ్డు పెట్టే కోడికి ఎంత?



జూన్ వచ్చిందంటే మా చిత్తూరు పక్క గుజ్జు ఫ్యాక్టరీల ముందర తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. 2025లో ఆ బారులు ఎట్లా ఉండాయో అందరం చూసినాం. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు. అయినా కాయ దించడానికి రోజుల తరబడి ట్రాక్టర్ మీదే పడుకున్నోళ్ళు ఉండారు. అట్లా లోపలికి పోయిన పది కిలోల కాయలో నాలుగైదు కిలోలు తొక్క, టెంక, పీచుగా మళ్ళీ బయటికొస్తాయి. తోలుకుపోతే చాలు, డబ్బులు అడగని చోట్లు కూడా ఉండాయి.

నాకు 200 గుడ్ల పెట్టలు ఉండాయని తెలిసినోళ్ళు అడిగే మాట ఒకటే: "ఊరకే వస్తా ఉంటే దాణాకు అంత డబ్బు ఎందుకు పోస్తావన్నా?"

అడగడంలో న్యాయం ఉంది. గుడ్ల కోళ్ళ ఖర్చులో నూటికి 60, 70 రూపాయలు మేతకే పోతాయి. కానీ వారం వారం గుడ్ల డబ్బుతో ఇల్లు నడిపే మనలాంటోళ్ళకు పెట్ట ఒకసారి గుడ్డు తగ్గించిందంటే మళ్ళీ దారిలో పడేదానికి వారాలు పడుతుంది. అందుకే ముందు లెక్క చూద్దాం.

పెట్ట రోజుకు తినేది సుమారు 110 గ్రాములు. గుడ్డుకు కావాల్సిందంతా అందులోనే దొరకాలి. మాంసకృత్తులు 16, 17 శాతం ఉండాలి, కాల్షియం దాదాపు 4 గ్రాములు అందాలి. ఒక్క గుడ్డు పెంకులోకే 2 గ్రాముల కాల్షియం పోతుంది. పచ్చి తొక్కలో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్ళే. ఎండబెట్టినా అందులో మాంసకృత్తులు మొక్కజొన్న కంటే తక్కువ, పీచు చాలా ఎక్కువ. తొక్కతో కడుపు నిండిన పెట్ట దాణా మానేస్తుంది. కడుపు నిండుతుంది, గుడ్డు మాత్రం తగ్గుతుంది.

కాబట్టి నేను ఎండు తొక్క పొడిని నూటికి ఐదు పాళ్ళు దాటనివ్వను. అది కూడా మొక్కజొన్న, తవుడు వాటాలో నుంచే తగ్గిస్తాను. సోయా చెక్క, గుల్ల పొడి జోలికి పోను. నా 200 పెట్టలకు రోజుకు 22 కిలోల దాణా. అందులో ఐదు శాతం అంటే కిలో చిల్లర ఎండు పొడి, పచ్చిదైతే ఐదు కిలోల తొక్క. మూడు టన్నుల ట్రాలీ తోలుకొస్తే ఎన్నాళ్ళకు వస్తుందో లెక్కేయండి. 600 రోజులు! ట్రాలీ తెచ్చేదానికి డీజిల్ ఎందుకు? నాలుగు గంపలు తెచ్చుకుంటే చాలు.

ఇక ఎండబెట్టడం. అసలు ఖర్చంతా ఇక్కడే ఉంది. తీపి తొక్క ఒక్క రోజులో పులుస్తుంది, ఈగలు ముసురుతాయి. ఆ నెలల్లో మబ్బు పట్టిందంటే బూజు ఖాయం. బూజు పట్టిన మేతలో పుట్టే అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని తింటుంది. బూజు దులిపినా విషం పోదు, ఉడికించినా పోదు. అందుకే తెచ్చిన పూటే సన్నగా తరిగి, టార్పాలిన్ మీద పలచగా పరిచి, చేత్తో విరిస్తే పెళుసుగా విరిగేదాకా ఎండనిస్తాం. పచ్చసొనకు రంగునిచ్చే సరుకు తొక్కలో ఉంది గానీ మండుటెండలో మాడిస్తే చాలావరకు పోతుంది. గాలాడే నీడ మేలు. వాసన మారినా, నల్ల మచ్చ కనపడినా ఎరువు గుంతలోకే.

టెంక సంగతి వేరు. లోపలి జీడిలో ఉండే వగరు మాంసకృత్తులను పట్టేసి అరగనివ్వదు. ఏజెన్సీలో గిరిజనులు జీడి పిండిని నీళ్ళలో పదే పదే కడిగి, వగరు పోయినాకే అంబలి కాస్తారు. కోడికైనా అంత పనీ చేయాల్సిందే. పగలగొట్టి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ఎండబెట్టి దంచాలి. కట్టెలు, కూలి లెక్కేస్తే మొక్కజొన్నే చవక. నేనైతే పెట్టను.

ఊరగాయ యూనిట్ల నుంచి వచ్చే ఉప్పు ముక్కలు, ఉప్పునీళ్ళలో ఊరిన తొక్క మాత్రం ఎవరు ఊరకే ఇచ్చినా తేవద్దు. కోడి ఉప్పును తట్టుకోలేదు. ముందు రెట్ట నీళ్ళవుతుంది, తర్వాత పెట్టే పోతుంది.

కొత్త మేత ఏదైనా మందంతటికీ ఒకేసారి వేయకండి. ఇరవై పెట్టలను వేరు చేసి మూడు వారాలు పెట్టి చూడండి. గుడ్లు ఎన్ని, పెంకు గట్టిగా ఉందా, రెట్ట ఎట్లా ఉంది, తొట్టిలో ఎంత మిగిలింది, రోజూ గోడ మీద రాసుకోండి. రాసింది చూసినాకే మిగతా పెట్టలకు కలపండి.

మిగిలే తొక్క కొండంత ఉంటుంది, దాన్ని కోళ్ళు తీర్చలేవు. పీచును అరిగించుకునే కడుపు ఆవుది. ఎండుగడ్డితో కలిపి కొద్దికొద్దిగా అలవాటు చేయండి. అప్పటికీ మిగిలితే పేడతో కలిపి గుంతలో వేస్తే మళ్ళీ మన మామిడి చెట్టుకే పోతుంది.

కోళ్ళకు మాత్రం గంపతో సరిపెట్టండి. ట్రాలీ వద్దు.