రేవు లేని కాలువ

కిందటేడు సంక్రాంతి వెళ్ళాక నాకు జ్వరం తగిలి, పది రోజులు రాజమండ్రిలో ఆసుపత్రి మంచం మీద పడుకోవలసి వచ్చింది. ఆ పది రోజులూ మా ఊరి పఠనమందిరం తలుపులు తెరిచే ఉన్నాయి గాని, కావలసిన పుస్తకం ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో నాకు తప్ప మరొకరికి తెలియదు మరి! రిజిస్టరు లేకపోలేదు. 1986 ఆగస్టు గోదావరి వరదలో అది తడిసి ముద్దయింది. ఎండలో ఆరబెట్టి, సిరా అలుక్కుపోయిన చోటల్లా జ్ఞాపకం మీద దిద్దాను. ఆ దిద్దుబాట్లు చదవాలంటే మళ్ళీ నేనే రావాలి.

ఇంటికి రాగానే మా ఆవిడ, "ఇకనైనా ఆ పుస్తకాల లెక్క ఎవరికైనా ఒప్పజెప్పండి" అంది. మనసు చివుక్కుమంది. కాని అందులో తప్పేముంది? గ్రంథాలయోద్యమ పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్యగారు పుట్టిన కొంకుదురు మా తూర్పు గోదావరిలోనే ఉంది. అలాంటి చోట, నాకు జ్వరం వస్తే గ్రంథాలయానికీ జ్వరం రావడం ఏం మర్యాద?

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనల్లుడితో చెప్పాను. "ఎంతపని మావయ్యా! మై ఎస్‌క్యూఎల్ అని ఒక డేటాబేసుంది. డబ్బు కట్టక్కర్లేదు. దాని లోపలి రాతంతా ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు" అన్నాడు. 1995లో వచ్చిందట. తయారుచేసినవారిలో ఒకాయన తన కూతురు 'మై' పేరు దానికి పెట్టుకున్నాడట. ఆ మాట విని దానిమీద అభిమానం కలిగింది.

పాత కంప్యూటరు ఒకటి తెచ్చి పెట్టాడు. చూద్దును గదా, నల్లటి పలక, మూల మిణుకుమంటూ ఒక గీత. పుస్తకం కావాలంటే ఇంగ్లీషులో హుకుం రాయాలి. చివర సెమికోలన్ పెట్టడం మరిచిపోతే ఉలుకూ పలుకూ ఉండదు. చిన్న బాణం గుర్తొకటి చూపించి కూర్చుంటుంది. నలభై ఏళ్ళు పిల్లలకు విరామచిహ్నాలు నేర్పిన నాకు ఈ వయసులో అది నేర్పింది! తెలుగు అక్షరాలకు తగిన అమరిక మొదట చెయ్యలేదు కాబోలు, నన్నయ అని కొడితే ఐదు ప్రశ్నార్థకాలు వచ్చాయి. భారతం పుట్టిన రాజమహేంద్రవరం పక్కనే ఇంత అపచారమా!

"అయితే పీహెచ్‌పీ మై అడ్మిన్ పెడతానుండు" అన్నాడు మావాడు. 1998లో మొదలైన పరికరం అది. బ్రౌజరులో గళ్ళూ మీటలూ కనబడతాయి. బాగుందనుకున్నాను. ఆరువందల పుస్తకాలు ఎక్కించాక ఒకనాడు, ఖాళీ పట్టిక అనుకుని పుస్తకాల పట్టిక తీసెయ్యమన్నాను. నిజంగా తీసెయ్యనా అని అది అడిగింది. చదవకుండా 'ఓకే' నొక్కాను. ఆరువందలూ పోయాయి! నకలు దాచి ఉంచాడు గనక నాలుగువందలు తిరిగొచ్చాయి. పరికరం తప్పు కాదు. డేటాబేసును కాపలాకాసేవారి కోసం చేసిన తాళంచెవుల గుత్తి అది; నేను పుస్తకం పేరు రాసుకునేవాణ్ణి.

ఆ సాయంకాలం కాలువగట్టు మీద కూర్చున్నాను. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువల్లో నీళ్ళు పారాయి. అయినా మా వీధి ఆడవాళ్ళు బిందె ముంచుకున్నది రేవులో మెట్లు కట్టాకనే గదా! నాకు కావలసింది రేవు.

ఈ మాటే మావాడికి ఫోనులో చెప్పాను. కాసేపు ఊరుకుని, "కోహా పెడదాం మావయ్యా" అన్నాడు. న్యూజిలాండులో హోరోవెనువా గ్రంథాలయాలవారు, తమ పాత ఏర్పాటు 2000 సంవత్సరం దాటదని తెలిసి కొత్తది చేయించుకుని, దాన్ని లోకానికంతటికీ ఊరికే ఇచ్చేశారట. మావోరీ భాషలో కోహా అంటే కానుక. అడుగున ఉన్నది డేటాబేసే. మావాడు పెట్టింది మరియాడీబీ. మై చెల్లెలు మరియా పేరే అది! పైన మాత్రం గ్రంథాలయం తెలిసినవాళ్ళు కట్టిన మెట్లు.

అందులోనూ తొలుత బెదిరాను. 245 అంటే పుస్తకం పేరు, 100 అంటే గ్రంథకర్త, ఇలా బారెడు ఫారం. "మాకు ఐదు గళ్ళు చాలు" అన్నాను. మిగిలినవి మావాడు కనబడకుండా చేశాడు. పఠనమందిరం ఊడ్చి తాళం వేసే అమ్మాయి పదో తరగతి చదివింది. రెండు రోజులు నా పక్కన కూర్చుని చూసి, "మీరు లేవండి మేష్టారూ, నేను కొడతాను" అంది. రోజుకు నలభై పుస్తకాల చొప్పున రెండువేల నాలుగువందలూ ఎక్కించింది. వారం వారం నకలు తీసి పెన్‌డ్రైవులో దాస్తోంది కూడా.

మొన్న మాఘమాసంలో పెళ్ళికని కాకినాడ వెళ్ళి మూడు రోజులుండిపోయాను. తిరిగొచ్చి చూస్తే పదకొండు పుస్తకాలు ఇళ్ళకు వెళ్ళాయి. ఏ ఒక్కరూ నాకోసం అడగలేదట!

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. కాఫీ గ్లాసు చేతికిస్తూ, "అయితే ఇక మీరు తీరిగ్గా జ్వరం తెచ్చుకోవచ్చు" అంది. నవ్వాను గాని, కాఫీ తాగుతూ ఆ పాత రిజిస్టరు తీసి ఒకసారి ఒళ్ళో పెట్టుకున్నాను.